పెట్టె ప్రాణం

పోయిన వారం సకీనాను నల్లగొండ బస్టాండు వెనక సందులో, తన దుకాణం గడప మీద నిలబెట్టి వచ్చాం. ఇప్పుడే ఈ కథలోకి అడుగుపెట్టినవారి కోసం వెనక్కి ఒక్కసారి చూద్దాం. ఆ దుకాణం ఆమె భర్త మెహమూద్ పెట్టింది. జెడ్డాలో ట్రైలర్లు నడిపినవాడు. అక్కడి నుంచి అందరూ బంగారం తెచ్చుకుంటే, అతడు ఓడ పనివాడొకడి దగ్గర కొన్న జపాను ఆటల పెట్టెను తువ్వాలలో చుట్టి తెచ్చాడు. టీవీకి తగిలించి డిస్కు వేస్తే కార్లు పరుగెత్తేవి, వస్తాదులు కలబడేవారు. అప్పటిదాకా చిన్న చిన్న క్యాసెట్ ఆటలే ఎరిగిన కాలేజీ పిల్లలు ఆ పెట్టె ముందు వంతుల కోసం పోట్లాడుకునేవారు.

మెహమూద్ కొత్తకోట దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయాడు. భర్త పోయిన ఆడది ఇల్లు కదలకుండా ఉండే ఇద్దత్ గడువు తీరాక సకీనా తనే తాళం తీసి అతని కుర్చీలో కూర్చుంది. దూదేకుల ఇంటి కోడలు మగపిల్లల మధ్య కూర్చోవడమేమిటని బంధువులు గుసగుసలాడారు. అత్త ఇక్బాల్ బీ ఒక్కతే వాళ్లకు ఎదురు నిలిచి, "మీ ఇంట్లకెళ్లి గింజలు తెచ్చిస్తరా మరి?" అని అడిగింది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

టీవీల్లో కార్గిల్ వార్తలు మోగుతున్న ఎండాకాలంలో ఆ పెట్టె డిస్కులు చదవనని మొరాయించింది. మెహమూద్‌ను అన్నా అన్నా అంటూ వెంట తిరిగిన సైదులు దాన్ని బాగు చేయిస్తానని హైదరాబాదు పట్టుకుపోయి, ఉలుకూ పలుకూ లేని పెట్టెను తెచ్చి చేతిలో పెట్టాడు. "బోర్డు కాలిపోయింది వదినె. ఇగ ఎవ్వరితోని కాదు" అన్నాడు. వానలు మొదలయ్యేసరికి అతడే దేవరకొండ రోడ్డులో కంప్యూటర్ ఆటల సెంటరు తెరిచాడు. సకీనా దుకాణం బోసిపోయింది. చివరికి పాత గిరాకీ, డిగ్రీ చదివే చెన్నయ్య, వచ్చి ఒక మాట చెప్పాడు. "అక్కా, మన పెట్టెల ఆటలే సైదులన్న కాడ కంప్యూటర్ల నడుస్తున్నయ్. పెట్టె లేనే లేదు."

ఆ మాట విన్న సకీనా షట్టరు దించి తాళం వేసింది. కొంగు తల మీదికి లాక్కొని దేవరకొండ రోడ్డు పట్టింది.

తెల్లవారుజామున కురిసిన వానకు రోడ్డంతా బురదగా ఉంది. ఆటోలు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. సైదులు సెంటరును ఆమె ఇంతవరకు చూడలేదు. తెరిచిన రోజు అతడు పిలవడానికి వచ్చాడు కానీ, జ్వరమని చెప్పి ఆమె పోలేదు. అద్దాల తలుపు మీద ఎర్ర అక్షరాలు కొత్తగా మెరుస్తున్నాయి. లోపల నీలం పరదా, కూలరు గాలి, వరసగా కంప్యూటర్లు. ఒక మూలన ఇద్దరు పిల్లలు తలలు ఆనించుకొని ఆడుతున్నారు.

బల్ల దగ్గర కూర్చున్న యువకుడు ఆమెను చూసి లేచాడు. అతడు సైదులు బామ్మర్ది ఐలేశం. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో కూలీగా చేసి, దుమ్ము పడక బావ దగ్గరికి వచ్చి చేరాడని చెన్నయ్య చెప్పి ఉన్నాడు. అతనికి సకీనా ఎవరో తెలియదు.

"రా అక్కా. కోర్సు కోసమా, ఆట కోసమా?"

"ఏమేం ఆటలున్నయో చూద్దామని."

ఐలేశం ఒక కుర్చీ లాగి వేశాడు. కొత్త పని మీద మోజు ఇంకా తీరనివాడు. అడగకముందే మౌసు పట్టుకుని ఒక్కొక్క ఆటనూ తెరిచి చూపించాడు. అదే ఎర్ర కారు, అదే కొండ దారి. అదే వస్తాదు, అదే పసుపు పచ్చని చొక్కా. సకీనా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని చూసింది. తన దుకాణంలో ఆ కారు మలుపు తిరిగినప్పుడల్లా వెనక బెంచీ మీది పిల్లలు కూడా అటువైపు ఒరిగేవారు.

"వీటికి పెట్టె గావాలె గద తమ్ముడు. టీవీకి పెడతరు సూడు, గది."

"పెట్టెతోని పనే లేదక్కా. పెట్టె ఎట్లెట్ల జేస్తదో అట్లట్ల జేసే ప్రోగ్రాం ఒకటుంటది. కంప్యూటరే నేను పెట్టెను అనుకుంటది. డిస్కు ఏసినమంటె నమ్మి ఆడిస్తది."

"డిస్కు లేకుంట పెడితె?"

"ఏం రాదు. మొదటి తెర ఒచ్చి ఆడ నిలవడుతది."

"జర పెట్టు, చూస్త."

వింత బేరమే అనుకున్నాడేమో, అయినా డిస్కు తీసేసి మళ్లీ నడిపించాడు. తెర నల్లబడి, తెల్లబడి, లోతుగా గుమ్మని ఒక మోత మోగింది. రోజూ పొద్దున షట్టరు ఎత్తగానే, ఊదుబత్తి కూడా ముట్టించకముందు, మెహమూద్ మొదట వినిపించిన చప్పుడు అది. తెర మీద అక్షరాలు తేలాయి. ఇంగ్లీషు కాదు. జపాను అక్షరాలు.

వాటిని చదవడం మెహమూద్‌కూ రాదు, ఆమెకూ రాదు. అతడు వాటికి పేర్లు పెట్టాడు. ఇది గొడుగు పట్టుకున్నోడు, ఇది తీగ మీద ఆరేసిన కుర్తా, ఇది తోక తెగిన బల్లి. గొడుగోని మీద నొక్కితే పాత ఆట ఎక్కడ ఆపామో అక్కడ దొరుకుతుంది. ఈ జిల్లాలోనే కాదు, ఆమె హైదరాబాదులో చూసిన ఒకటి రెండు పెట్టెల్లో కూడా ఇంగ్లీషు అక్షరాలే ఉండేవి. జపాను అక్షరాల పెట్టెను అమ్మిన ఓడ పనివాడు మోసం చేశాడని మెహమూద్ చాలాకాలం తిట్టుకున్నాడు. తర్వాత అవే ముద్దు వచ్చాయి.

గొడుగు పట్టుకున్నవాడు సైదులు కంప్యూటర్లో నిలబడి ఉన్నాడు.

"గీ జపాన్ అక్షరాలే మాకు తిప్పలు పెడుతున్నయ్ అక్కా" అన్నాడు ఐలేశం. "ఇంగ్లీషుది దొరకలేదంట బావకు. దొరికిందే పెట్టిండు."

"ఏంది దొరికింది?"

"బయోస్ అంటరు దాన్ని. ప్రోగ్రాం సీడీ కోఠిల ఎవడన్న ఇస్తడు. కని అది ఒట్టి మొద్దు. పెట్టెకు కరెంటు తగలంగనే అన్నిటికన్న ముందు లేసి, డిస్కు ఉన్నదా, చేతిల పట్టుకునేది తగిలిచ్చిన్రా అని చూసుకునేది ఈ ఫైలే. అది లేకుంటె ప్రోగ్రాం కన్ను తెరవదు. ఆ ఫైలు పెట్టె చేసిన కంపెనీ సొత్తు, అందుకే ప్రోగ్రాం రాసినోళ్లు దాంతోని కలిపియ్యరు. నీకు పెట్టె ఉంటె దాంట్లకెళ్లి నువ్వే తీసుకో అంటరు. బావ ఒక పాత పెట్టె పట్టిండు. దాని చిప్పు ఊడదీపిచ్చి, చదివే మిషినున్నోని కాడ చదివిచ్చిండు."

"ఆ పెట్టె ఏమైంది మరి?"

"ఏమైతది అక్కా, పానం గుంజుకున్నంక. ఎవరిదో వాళ్లకు ఇచ్చేసిండు."

మూలన ఆడుతున్న పిల్లాడు ఏదో గెలిచినట్టున్నాడు, బల్ల మీద చరిచాడు. సకీనా లేచింది. ఐలేశం మంచినీళ్లు తాగుతావా అక్కా అని అడిగాడు. ఆమె వద్దని తలూపింది. తలుపు దగ్గర చెప్పులు వేసుకోబోతే కాలు రెండుసార్లు తప్పింది.

ఎట్లా వచ్చిందో, ఏ దారిన వచ్చిందో ఆమెకు గుర్తు లేదు. దుకాణం తాళం తీసి, లోపలికి పోయి, పై అరలోంచి పెట్టెను దించింది. చచ్చిందని తెలిశాక దాన్ని మెహమూద్ తెచ్చిన తువ్వాలలోనే చుట్టి పెట్టింది. పారేయడానికి మనసొప్పలేదు, విప్పి చూడడానికీ మనసొప్పలేదు. బల్ల సొరుగులో అతని స్క్రూ డ్రైవరు ఉంది. పెట్టెను బోర్లించి ఒక్కొక్క మర తిప్పింది. ఒక మర రాలేదు. ఇదివరకే ఎవరో తొందరలో తిప్పి దాని తల అరగదీశారు. గోరు విరిగేదాకా దానితో పెనుగులాడింది.

మూత లేచింది. లోపల ఆకుపచ్చ పలక. దాని మీద నల్లని చిప్పులు, సన్నని వెండి కాళ్లతో. ఒకచోట మాత్రం చిప్పు లేదు. చిప్పు ఉండాల్సిన జాగాలో గోధుమ రంగు కమిలిన మచ్చ, పైకి లేచి తెగిన రాగి దారాలు. ఆమెకు ఎలక్ట్రానిక్స్ ఏమీ తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. పన్ను పీకిన చిగురు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

ఆ పెట్టెను తిరిగి తెచ్చిన రోజు సైదులు వాళ్లింట్లో అన్నం తిన్నాడు. సకీనాకు అది గుర్తొచ్చింది. ఇక్బాల్ బీ కొసరి కొసరి వడ్డించింది. అతడు తల ఎత్తకుండా తిన్నాడు. పెట్టె పోయినందుకు తనలాగే అతనికీ దుఃఖం కలిగిందనుకుంది సకీనా. "ఊకో సైదులు, నువ్వేం జేస్తవ్" అని తనే అతన్ని ఓదార్చింది.

ఆమె మూతను పక్కన పెట్టి, పెట్టెను అట్లాగే బల్ల మీద వదిలేసింది.

ఆ సాయంత్రం కరెంటు పోయిన వేళ సైదులు వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచి ఉంది. ఎప్పుడొచ్చినా లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు, ఇవాళ గడప బయటే ఆగాడు.

"వదినె. ఎవరో ఒకామె వచ్చి డిస్కు లేకుంట పెట్టుమన్నదని ఐలేశం చెప్పిండు. నువ్వే అనుకున్న."

సకీనా మూత తీసిన పెట్టెను బల్ల మీద అతని వైపు తోసింది. సైదులు దాన్ని చూశాడు. సంచిని గోడకు ఆనించి కింద పెట్టాడు. బత్తాయి ఒకటి దొర్లి మురికి కాలువ దాకా పోయింది. దాన్ని ఎవరూ తీయలేదు.

"చెప్త, కూసో వదినె."

"నేను కూసోనే ఉన్న. నువ్వు చెప్పు."

"అది ఎట్లయినా పోయేదే. లెన్సు అరిగింది. హైద్రాబాద్ అంత తిరిగిన, ఆ లెన్సు దొరకలె."

"దొరకలేదని చెప్పొచ్చు గద. నేనేమన్న నిన్ను కొడుదునా? బోర్డు కాలిపోయింది అని ఎందుకు చెప్పినవ్?"

"చిప్పు ఊడదీసేటప్పుడు ఆ మెకానిక్ టంకం ఇనుము ఎక్కువ కాల్చిండు. దారాలు లేచినయ్. మల్ల అతికిచ్చేటట్టు లేకుంటయింది. ఏం మొకం పెట్టుకోని చెప్పాలె?"

"అంటె ముందు బతికే ఉండె. నువ్వు తీసుకపోయిన్నాడు ఆ చిప్పు బతికే ఉండె."

సైదులు రోడ్డు వైపు చూశాడు. నందికొండ డ్యాం కాలనీలో పక్కపక్క క్వార్టర్లలో పెరిగారు అతడూ మెహమూదూ. సైదులు తల్లికి పిల్లలు నిలవకపోతే ఆమెను వెంటబెట్టుకొని జాన్‌పహాడ్ దర్గాకు పోయి మొక్కించింది ఇక్బాల్ బీనే. పుట్టాక ఆ దర్గా సైదుల పేరే పెట్టించిందీ ఆమే. చిన్నప్పుడు మెహమూద్ పాత చొక్కాలే సైదులుకు కొత్త బట్టలు. సకీనా పెళ్లయి వచ్చిన కొత్తలో, ఇంట్లో ఇద్దరు కొడుకులున్నారని అనుకుంది. ఈ ముచ్చట చెప్పి మెహమూద్ ఎన్నోసార్లు నవ్వించాడు.

"నేను తీసుకున్నది నకలు వదినె" అన్నాడు సైదులు చివరికి. "చోరీ లెక్క చూడకు. ఒక దీపం తోని ఇంకో దీపం ముట్టిచ్చుకున్న. నీదాంట్ల ఏం తరుగు పడలె."

"ముట్టిచ్చుకునెటోడు మొదటి దీపాన్ని ఊదేసి పోడు సైదులు."

అతని ముఖం ముడుచుకుంది. గొంతు కొంచెం పెరిగింది.

"మెహమూదన్న ఉంటె గిదే జేసెటోడు. కంప్యూటర్లు వస్తయిరా, ఈ పెట్టెలు పోతయి, మనిద్దరం పెద్ద సెంటరు పెడుదం అని నాతోని ఎన్నిసార్లు అన్నడో నీకేమెరుక? నేను అన్న మాటే నిలవెట్టిన."

"నిలవెట్టినవు. నీ సెంటరు బోర్డు మీద ఆయన పేరేది?"

సైదులు చెప్పుతో గడప అంచును గీకాడు.

"పేరొద్దు. నాకొక మాట చెప్పొద్దా? వదినె, ఇది పోతది, దీంట్లకెళ్లి పానం తీసి ఆడ పెడుదం, నువ్వు గూడ వచ్చి కూసో అని ఒక్కమాట అంటె నేను కాదందునా? నా చేతులతోని నేనే మూత విప్పిద్దును. మూన్నెల్లు నన్ను పీనుగు ముంగట కూసోవెట్టినవ్. నేను రోజు ఈ మూట మీద దుమ్ము దులిపిన సైదులు."

ఆమె గొంతు వణకలేదు. వణికితే అతడు దగ్గరికి వచ్చి ఏదో ఒకటి అని సముదాయించేవాడే. వణకనందువల్లే అతడు గడప దాటలేకపోయాడు.

"రేపు దీన్ని తీసుకోని దేవరకొండ రోడ్డుకు వస్త" అంది. "నీ అద్దాల తలుపు ముంగట తువ్వాల పరిచి ఇట్లనే విప్పి పెడత. నీ కాడ ఆడెటోళ్లంత మొన్నటిదాంక నా కాడ ఆడినోళ్లే. వాళ్లకు ఈ అక్షరాలు ఎరికే. ఎవరికీ ఏం చెప్ప. చూడనిస్త, గంతే."

"వదినె, గట్ల జేయకు."

"ఎందుకు జేయొద్దు?"

"తప్పంత నా ఒక్కనిదే అన్నట్టు జేయకు."

సకీనా కుర్చీలోంచి లేచింది. "ఇంకెవరిది?"

సైదులు చూపు సందు చివరికి పోయింది. సకీనా కూడా అటు చూసింది. ఇక్బాల్ బీ వస్తోంది. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక కోడలికి ఛాయి తేవడం ఆమెకు అలవాటు. ఏళ్ల తరబడి దూది ఏకిన ఒళ్లు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. గోడ పట్టుకొని ఆగి దగ్గి, మళ్లీ నడిచి, గడప దగ్గరికి వచ్చి సైదులును చూసి నవ్వబోయింది. అప్పుడు బల్ల మీద విప్పి ఉన్న పెట్టె కనిపించింది. నవ్వు అక్కడే ఆగింది.

"పెద్దమ్మా" అన్నాడు సైదులు. "నువ్వే చెప్పు. నాతోని కాదు."

ఆమె లోపలికి వచ్చింది. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, గిరాకీ పిల్లలు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. సకీనా ఆమెకు నీళ్లు ఇవ్వబోయింది. అది అలవాటు వల్ల. చెంబు దాకా పోయిన చెయ్యి వెనక్కి వచ్చింది.

"నేనే చెప్పిన బిడ్డా" అంది ఇక్బాల్ బీ.

"ఏం చెప్పినవ్?"

"మల్ల నడిచేటట్టు తేకురా అని చెప్పిన. నీకు ఏం గావాలెనో దాంట్లకెళ్లి తీసుకో, ఏమన్న జేసుకో, ఇంటికి మాత్రం నడిచేటట్టు తేకు అన్న. వాడు వద్దన్నడు. నేను వాని చెయ్యి నా నెత్తి మీద పెట్టుకున్న."

బయట బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ స్టాండులోకి తిరిగింది.

సకీనాకు కోపం రాలేదు ముందు. అర్థం కాలేదు. ఊరంతా ఒకవైపు నిలబడితే తన వైపు నిలబడిన మనిషి. రాత్రి కాళ్లు లాగుతుంటే కోడలి కాళ్లకు నూనె రాసిన మనిషి.

"నువ్వే గద అత్తమ్మా కూసోమన్నది. మందితోని కొట్లాడింది నువ్వే గద."

"కొట్లాడిన. అబద్ధం గాదు."

"మరెందుకు?"

ఇక్బాల్ బీ తన అరచేతులను చూసుకుంది. తర్వాత మెల్లగా, ఎవరికో కాదు తనకే చెప్పుకుంటున్నట్టు మాట్లాడింది.

"మొదట్ల నువ్వు ఏడ్చుకుంట వస్తివి, ఏడ్చుకుంట పోతివి. నాకది మంచిగనే ఉండె. నా కొడుకు కోసం ఏడ్చేటోళ్లు నేను గాక ఇంకొకరున్నరని. ఇద్దరం ఒక్క తీరుగ ఉన్నమని. ఒక దినం ఛాయి తెచ్చిన. చెన్నయ్యతోని ఆడుతున్నవ్ నువ్వు. కారు ఆట. నన్ను చూడలె. ఆడుకుంట నవ్వుతున్నవ్. నోరు తెరిచి, తల ఎనక్కేసి నవ్వుతున్నవ్. వాని కుర్చీల కూసోని, వాడు తెచ్చిన పెట్టె ముంగట."

ఆమె కొంగు అంచును వేలికి చుట్టుకుంది.

"సైసలేకపోయిన. మంది మాటలు సైసిన గని, గది సైసలేకపోయిన."

సకీనాకు ఆ రోజు గుర్తుంది. మర్చిపోయే రోజు కాదు. కొండ దారి చివరి మలుపులో చెన్నయ్య కారును దాటి మొదటిసారి గెలిచింది. వెనక బెంచీ మీద ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. మెహమూద్ పోయాక అదే మొదటి నవ్వు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ, అల్లా నాకు మల్లొకసారి బతుకు ఇచ్చిండు అనుకుంది. ఇంటికి పోయాక అత్త పడుకుని ఉంది. తలనొప్పి అంది. సకీనా ఆమె నుదుటికి జండూబాం రాసింది.

ఆమె కుర్చీ వెనక నిలబడి దాని వీపును రెండు చేతులతో పట్టుకుంది. ఇన్ని రోజులూ తను ఎవరి ముందు నవ్వాలో, ఎవరి ముందు నవ్వకూడదో తెలియకుండానే బతికింది. ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభమో తెలియలేదు.

సైదులు గొంతు సవరించుకున్నాడు. "పెద్దమ్మా, జాగా సంగతి గూడ చెప్పు. ఎట్లయినా తెలుస్తది."

"నువ్వు ఊకోరా" అంది ఇక్బాల్ బీ.

"ఏం జాగా?" అంది సకీనా.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ దుకాణం గది మెహమూద్ తండ్రి డ్యాం కాలనీ వదిలి నల్లగొండ వచ్చిన కాలం నుంచి కిరాయిది. మామ పోయాక కిరాయి చీటీ ఇక్బాల్ బీ పేరుకు మారింది. సకీనా దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక ఇంట్లో ఉన్నప్పుడు ఎవరి పేరు మీద ఉంటే ఏమిటి అనుకుంది.

"వచ్చే నెల నుంచి ఇది సైదులుకిస్త అన్న" అంది ఇక్బాల్ బీ. "బస్టాండుకు దగ్గర గద, వానికి అక్కెరకొస్తది. నువ్వు ఇంటి పట్టున ఉండొచ్చు. కుట్టుమిషిను కొనిస్త అన్నడు వాడు."

"కుట్టుమిషిను" అంది సకీనా.

"వదినె, నీ మంచికే" అన్నాడు సైదులు.

సకీనా బల్ల చుట్టూ తిరిగి గడప దాకా వచ్చింది. సైదులు ఇంకా బయటే ఉన్నాడు. ఆమె వంగి బత్తాయిల సంచిని తీసి అతని చేతికిచ్చింది. అతడు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి ఎత్తి షట్టరు కొక్కెం అందుకుంది. ఇనుప రేకులు గడగడలాడుతూ దిగాయి. లోపలి నుంచి గొళ్లెం వేసింది.

కరెంటు ఇంకా రాలేదు. షట్టరు కింది సందులోంచి వచ్చే వెలుగు తప్ప గదిలో ఏమీ లేదు. ఆ వెలుగులో ఇక్బాల్ బీ పాదాలు, బెంచీ కాళ్లు, రాలిపడ్డ ఒక మర మాత్రం కనిపిస్తున్నాయి. సకీనా అత్తకు ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆయాసంతో ఎగిరిపడుతున్న ముసలి ఊపిరి వినిపిస్తోంది. ఎన్నో రాత్రులు ఆ చప్పుడు వింటూనే నిద్రపోయింది తను.

"పెట్టె ఇచ్చినవ్. జాగా ఇచ్చినవ్. ఒక్కటి గూడ నన్ను అడగలె" అంది. "ఇప్పుడు దాయకు అత్తమ్మా. నాకు తెల్వకుంట ఇంకేం ఇచ్చినవ్?"

ఇక్బాల్ బీ నోరు తెరిచింది. ఆమె చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి కోడలి భుజం మీద ఆగింది. చెప్పడానికి సిద్ధపడిన మనిషి చెయ్యి అది.

షట్టరు మీద బయటి నుంచి అరచేత్తో గట్టిగా ఒక్క దెబ్బ పడింది.

"చెప్పకు పెద్దమ్మా" అన్నాడు సైదులు. అతని గొంతులో ఇంతవరకు లేని భయం ఉంది. "నాకు మాటిచ్చినవ్. గా ఒక్క ముచ్చట మాత్రం వదినెకు చెప్పకు."